రెండు దోసిళ్ళ ఉప్పు

శ్రీకాకుళం బస్ కాంప్లెక్స్‌లో ఉదయం ఏడున్నరకి గిరిబాబు టీ సగం తాగి చచ్చిపోయాడు. మిగతా సగంలో ఏనుగుకి సరిపడా విషం ఉందని ల్యాబ్ తేల్చింది. పాపం, అతనూ ల్యాబ్ టెక్నీషియనే. జేబులో ఒక చీటీ దొరికింది. ఒకటి నుంచి నలభై దాకా నంబర్లు. ఇరవయ్యేడు చుట్టూ ఎర్ర సున్నా.

“హెర్పిస్ వైరస్ తెలుసా?” విజయనగరం ఆఫీసులో చీఫ్ జగన్నాధం అడిగాడు.

“పెదవి మీద పొక్కులు,” అన్నాడు ఏజెంట్ యుగంధర్.

“దానికో దాయాది ఉంది. ఈబీవీ. నీలోనూ ఉండొచ్చు, నాలోనూ ఉండొచ్చు. చాలామందిలో జన్మంతా పడుకునే ఉంటుంది. ఏ కొద్దిమందిలోనో నిద్రలేచి బ్లడ్ క్యాన్సర్‌కి దారి తీస్తుందని అనుమానం. అలాంటి రక్తకణాలు ప్రాణంతో చిక్కితే మందు మీద పేటెంట్ కొట్టేయొచ్చు. హెల్మర్ అనే విదేశీయుడి ముఠా మన సముద్రం ఒడ్డున ఉచిత వైద్య శిబిరం పెట్టింది అందుకే.”

“మరి రోగం ఉన్నవాళ్ళకి వైద్యం?”

“వైద్యం చేస్తే ఆ కణాలు చస్తాయి. అందుకని విటమిన్ బిళ్ళలిస్తున్నారు. ఆ శిబిరంలో పనిచేసే గిరిబాబు అదే మనకి చెప్పబోయాడు. పదిహేను రోజుల్లో హెల్మర్ స్వయంగా వచ్చి రక్తం శాంపిల్స్ పెట్టె తీసుకెళ్తాడు. అప్పుడు పట్టుకోవాలి. అంతవరకూ ఊళ్ళో ఎవరి దగ్గరా నోరు విప్పకు.”

“రోగుల దగ్గర కూడానా?”

“ముఖ్యంగా వాళ్ళ దగ్గర. ఇది ఆర్డర్.”

యుగంధర్ లుంగీ కట్టి, చేపలు కొనే వ్యాపారి వేషంలో ఊళ్ళో దిగాడు. చెవిలో బఠాణీ గింజంత రేడియో. ఉప్పుగాలికి అది రెండో రోజే మూగబోయింది. శిబిరం డాక్టర్ రేఖ, రహస్యంగా మనవైపు పనిచేస్తున్న మనిషి. నల్లకళ్ళద్దాలు, ఆ ఇసుకలో కూడా హైహీల్స్.

“వంజరం ఉందా?” అన్నాడు యుగంధర్.

“వలకి చిల్లు పడింది,” అంది రేఖ. కోడ్ కుదిరింది. “పెట్టె గురువారం కొత్తవలస స్టేషన్‌కి వెళ్తుంది. రెండో ప్లాట్‌ఫాం. చేపల పెట్టె అనుకునేలా మరిడమ్మ చేత కట్టిస్తున్నాను.”

మరిడమ్మ ముప్పై ఏళ్ళుగా చేపల పెట్టెలు కడుతోంది. ఆమె కూతురు కుమారికి పదహారేళ్ళు. బేరానికి వెళ్ళిన యుగంధర్‌కి రోజూ టీ ఇచ్చేది. ఆ పిల్ల మెడ మీద గడ్డ మొదటి రోజు ఉసిరికాయంత ఉంది. వారానికి నిమ్మకాయంత అయింది. చేతిలో శిబిరం కార్డు మీద నంబరు ఇరవయ్యేడు.

“డాక్టరమ్మ బిళ్ళలిచ్చినాది మావా. తగ్గిపోతాది కదేటి?”

“తగ్గిపోతుంది,” అన్నాడు యుగంధర్. టీ బాగుందని కూడా అన్నాడు, సిగ్గులేకుండా.

గురువారం పొద్దున్న రేఖ పెట్టె తెచ్చింది. “కాస్త చల్లగా ఉంటే చాలు మరిడమ్మా. నాలుగు ఐసుముక్కలు, అంతే.” మరిడమ్మ తలూపింది. రేఖ ఫోన్ చూసుకుంటూ పక్కకి వెళ్ళింది.

కొత్తవలసలో అరకు చూడబోయే టూరిస్టులా హెల్మర్ దిగాడు. మెడలో కెమెరా, నెత్తిన టోపీ. దిగింది మాత్రం మూడో ప్లాట్‌ఫాం మీద. కూలీల ఎర్రచొక్కాల్లో ఉన్న మన పోలీసులు రెండో దాని మీద కాపు కాస్తున్నారు. యుగంధర్ ఒక్కడే పట్టాలు దాటి పరుగెత్తాడు. వీపుకి పిస్టల్ తగిలింది.

“వలకి చిల్లు పడింది యుగంధర్,” అంది రేఖ. “గిరిబాబు టీలో చక్కెర ఎవరు కలిపారనుకున్నావు?”

కిరండూల్ రైలు కూత వేసింది. హెల్మర్ ఒక కాలు మెట్టు మీద పెట్టి, సరుకు ఎలా ఉందోనని చేతిలోని పెట్టె మూత తీసి థర్మామీటర్ గుచ్చాడు. మైనస్ పది. నలభై ట్యూబులూ ఎర్రటి పుల్లఐసుల్లా బిగుసుకుపోయాయి. సగం పగిలాయి. ప్రాణమున్న కణం ఒక్కటి లేదు. హెల్మర్ తన భాషలో బూతు కూసి రేఖ చెంప పగలగొట్టాడు.

యుగంధర్‌కి ఆ ఒక్క సెకను చాలు. రేఖ మణికట్టు విరిచాడు. అవసరమైన దానికంటే కాస్త ఎక్కువగానే విరిచాడు. కదులుతున్న రైలు మెట్టు మీంచి హెల్మర్‌ని కాలు పట్టి లాగితే, అతని ముందుపళ్ళు రెండు ప్లాట్‌ఫాం మీద ఉండిపోయాయి.

“నాలుగు ముక్కలే వెయ్యమన్నాను!” బేడీల్లో రేఖ అరుస్తోంది.

ఊళ్ళో మరిడమ్మ ఆ సంగతి తేల్చింది. “దూరం ఎల్తాది కదాని గంపెడు ఐసు కొట్టి, రెండు దోసిళ్ళు కల్లుప్పేసినాను బాబూ. ఉప్పేస్తే ఐసు ఇంకా సల్లబడిపోతాది. డాక్టరమ్మ మంచిది. ఆయమ్మ సరుకు పాడవకూడదు కదా.”

యుగంధర్ అప్పుడు నోరు విప్పాడు. మొత్తం చెప్పాడు.

“నీకెప్పుట్నించి తెలుసు?” అంది మరిడమ్మ.

“పదిహేను రోజుల్నించి.”

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “రోజూ దాని సేత్తో టీ తాగినావు కదా బాబూ,” అంది.

విశాఖ ఆసుపత్రిలో డాక్టర్ కుమారి స్కాన్ చూసి తల పట్టుకున్నాడు. “ఈ రకం రోజుల్లో పెరుగుతుంది. మొదటి వారమే తెచ్చుంటే మందుకి లొంగేదేమో. ఇప్పుడు ఊపిరిగొట్టాన్ని నొక్కేస్తోంది.”

ఎనిమిదో రోజున కుమారి పోయింది.

చీఫ్ మాత్రం మిషన్ సక్సెస్ అని చెయ్యి కలిపి, రిపోర్టు ఫారం ముందు పెట్టాడు. ‘శత్రువు పథకాన్ని భగ్నం చేసినది ఎవరు?’ అన్నచోట యుగంధర్ మరిడమ్మ పేరు రాశాడు. ‘ఈ పదిహేను రోజుల్లో ఏజెంట్ చేసిన పని?’ అన్నచోట గుండ్రటి అక్షరాలతో రాశాడు:

‘టీ తాగాను.’