కడిగిన సూర చేప

ఆదివారం ఉదయం కాఫీలు కూడా కాకముందే లోవమ్మ చేపల తట్టతో గుమ్మంలోకి వచ్చింది. "సూర చేపండి. తెల్లారుతూనే నర్సాపురంలో దిగింది. కన్ను చూడండి ఎలా మెరుస్తోందో" అంది. దుర్గాశ్రీ మొప్పలెత్తి చూసి మారుమాట లేకుండా తీసుకుంది. ఆమె పుట్టిల్లు మొగల్తూరు. సముద్రపు చేపని చూస్తే ప్రాణం లేచొస్తుంది. అత్తగారు నాగరత్నానిది జంగారెడ్డిగూడెం. చెరువు చేప తప్ప ఎరగని ఆవిడ, ఎర్రటి ఆ కండని చూసి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇదేం చేపమ్మా, మాంసంలా ఉంది! ఇల్లంతా నీచు."

"చింటూకి బలం అత్తయ్యా. డాక్టరుగారు చేపలు బాగా పెట్టమన్నారు కదా."

చింటూకి ఆరేళ్ళు. ఏడాదిపాటు కడుపునొప్పులతో చిక్కి పుల్లలా అయిపోతే, విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చూసి, గోధుమలో ఉండే గ్లూటెన్ వాడి పేగులకి పడదని తేల్చారు. అన్నం తినే కొంపలో గోధుమ ఏపాటిలే అనుకున్నారు గానీ, చూడబోతే బిస్కెట్టు, రొట్టె, ఉప్మా, కాజా, ఆఖరికి కొట్లో కొన్న ఇంగువలో కూడా అదే. అన్నీ మానిపించాక వాడి బుగ్గలు ఇప్పుడిప్పుడే పూడుతున్నాయి. షుగరు ఉన్న నాగరత్నం రాత్రిళ్ళు చపాతీ తింటుంది కాబట్టి, ఆవిడ పిండి డబ్బా ఒక్కటే విడిగా అటక మీద ఉంటోంది.

దుర్గాశ్రీ ముక్కలు కోసి, మసాలా పట్టేలా గాట్లు పెట్టి, ఉప్పూ నిమ్మరసంతో కడిగి, చింటూకి తలంటడానికి వెళ్ళింది. నాగరత్నానికి మనసొప్పలేదు. పిండి రాసి రుద్దితే తప్ప నీచు పోదని ఆవిడకి వాళ్ళమ్మ నేర్పింది. తన డబ్బాలోంచి గుప్పెడు గోధుమపిండి తీసి ముక్కలకి పట్టించి, నాలుగు నీళ్ళు పోసి కడిగేసింది. వండడానికి కాదుగా, కడిగితే పోదా అనుకుంది. తరవాత కోడలొచ్చి పసుపు, కారం, అల్లంవెల్లుల్లి, ధనియాల పొడి పట్టించి కాసేపు ఉంచింది. పైన మైదాకి బదులు బియ్యప్పిండి అద్ది, పెనం మీద కరకరలాడేలా వేయించింది. చింటూ వేళ్ళు నాక్కుంటూ తిన్నాడు.

సాయంత్రానికి వాడు కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. ఆగకుండా వాంతులు. గణేష్‌బాబు కొడుకుని భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. ఇంజక్షను చేయించి తీసుకొచ్చి, పిల్లాణ్ణి మంచం మీద పడుకోబెట్టీ పెట్టకుండానే భార్య మీద విరుచుకుపడ్డాడు.

"ఏం కలిపావు అందులో?"

"బియ్యప్పిండేనండి. గోధుమలు ఆడే మరకి కూడా ఇవ్వలేదు, ఇంట్లో మిక్సీలోనే పట్టాను."

"అయితే గోధుమ ఎక్కణ్ణుంచి వచ్చిందంటావు, గాల్లోంచా? నీ చేతి తిండి తినే వీడికిలా అయింది. ఒక్క పనైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యవు!"

నాగరత్నానికి చటుక్కున వెలిగింది. గాట్లు! ఆ గాట్లలో పిండి తడిసి ముద్దై అంటుకుపోయి ఉంటుంది. చెప్పేద్దామని నోరు తెరిచింది. ఇంతలో కొడుకు ఇటు తిరిగి, "నువ్వు నలుగురిని పెంచావమ్మా, ఒక్కనాడైనా ఇలా జరిగిందా?" అన్నాడు. అంతే, తెరిచిన నోరు మూతపడింది. తేలు కుట్టిన దొంగలా గోడకి ఒరిగి నిలబడిపోయింది. కోడలు తన వంక చూస్తే తల తిప్పుకుంది. ఛీ, ఈ వయసులో ఇదేం బుద్ధి అని తనని తనే అసహ్యించుకుంది.

మర్నాటికి చింటూ తేరుకున్నాడు. దుర్గాశ్రీ మెత్తగా పెరుగన్నం కలిపి ముద్ద నోటికి అందించబోతే, వాడు ఆమె చేతిని తోసేశాడు.

"నువ్వొద్దు. నువ్వు పెడితే కడుపునొప్పొస్తుంది. నాన్న అన్నారు. నానమ్మే పెట్టాలి."

దుర్గాశ్రీ ముద్దని కంచంలో వేసేసింది. కంచం అత్తగారి చేతిలో పెట్టి, "మీరే పెట్టండత్తయ్యా. నేనేం తప్పు చేశానో ఎంత ఆలోచించినా తెలీట్లేదు. నా చెయ్యంటే నాకే భయమేస్తోంది" అంది.

నాగరత్నం కంచం కింద పెట్టేసింది. "నీ చేతికేం కాలేదమ్మా! పాపిష్టిదాన్ని నేను. నువ్వు కడిగిన ముక్కలకి గోధుమపిండి రాసి మళ్ళీ కడిగాను. అబ్బాయి నిన్నన్ని మాటలంటుంటే తెలిసే నోరు మూసుకున్నాను" అంటూ గొల్లుమంది.

వసారాలో పేపరు చదువుకుంటున్న గణేష్‌బాబు ఆ ఏడుపుకి లేచొచ్చాడు. విన్నది అర్థమై, భార్య ముఖంలోకి చూడలేక తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"నిన్ననే ఒక్క మాట చెప్పుంటే సరిపోయేదత్తయ్యా" అంది దుర్గాశ్రీ. "నా బిడ్డ నన్ను చూసి భయపడ్డాడు."

"నాదే తప్పు దుర్గా..." అన్నాడు గణేష్‌బాబు.

"నాకు కాదండి. వాడికి చెప్పండి."

గణేష్‌బాబు మంచం దాకా వచ్చి ఆగిపోయాడు. నాగరత్నమే మనవడి మంచం పక్కన చతికిలబడింది. "చింటూ, అమ్మ తప్పేం లేదురా. చేపకి పిండి రాసింది నేను."

"కావాలనే రాశావా నానమ్మా?"

"లేదు నాన్నా. రాయడం తెలియక రాశాను." ఆవిడ వాడి తల నిమిరింది. "చెప్పకపోవడం మాత్రం కావాలనే చేశాను."

వాడు నానమ్మ వంక చూశాడు, అమ్మ వంక చూశాడు. మెల్లిగా అమ్మ వైపు జరిగి నోరు తెరిచాడు. దుర్గాశ్రీ కంచం అందుకుని, మంచం అంచున కూర్చుని ముద్ద పెట్టింది. కళ్ళనీళ్ళు భుజానికి తుడుచుకుని, "కాళ్ళూ చేతులూ కడుక్కుని రండత్తయ్యా, మీకూ వడ్డిస్తాను. నిన్న రాత్రి నుంచీ మీరేం తినలేదు, చూస్తూనే ఉన్నాను" అంది.

నాగరత్నం కోడలి మోకాలి మీద తల ఆన్చి ఏడ్చింది.