గాజు చెప్పులో కాలు ఎవరిది?

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి నాచారంలోని ఆ ఇంట్లో ఎవరి పనిలో వాళ్లున్నారు. వంటింట్లో గౌతమి ఉప్మాకి పోపు వేస్తోంది. హాల్లో ఆమె భర్త ఉపేందర్ దవాఖానా కాగితాలన్నీ ఒక కవర్లోకి సర్దుతున్నాడు. పన్నెండేళ్ల కూతురు గీతిక టీవీకి జానెడు దూరంలో కూర్చుని, నలభై ఏళ్ల కిందటి సినిమా ఒకటి ఆపి ఆపి చూస్తోంది. స్కూల్లో వార్షికోత్సవానికి ఆ కథే నాటకంగా వేస్తున్నారట. తారామణి ఒక్కతే ఏ పనీ చేయకుండా కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. కట్టు కట్టిన కుడికాలిని కుచ్చిళ్ల కింద దాచుకుంది. ఆమె ఊరికే కూర్చోవడం ఆ ఇంటికి కొత్త.

ముందు ఆ సినిమా సంగతి చెప్పాలి. సవతి తల్లి చేతిలో అవస్థలు పడే పిల్ల, కోటలో వేడుక, పన్నెండు కొట్టగానే పరుగు, జారిపోయిన గాజు చెప్పు, ఆ చెప్పు పట్టుకుని ఊరంతా తిరిగే రాకుమారుడు. అందరికీ తెలిసిన కథే. దాన్ని మనవాళ్లు తొమ్మిది పాటలతో తెలుగులో తీశారు. పోస్టర్ మీద ఏం పేరు వేసుకున్నారో గానీ, ఈ ఇంట్లో అది గాజుచెప్పు సినిమా. గౌతమికి నాలుగేళ్లప్పుడు వాళ్లమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని థియేటర్లో చూపించింది. ఆ తర్వాత రెండేళ్లకే ఆ తల్లి పోయింది. మరుసటి ఏడు నాన్న దామోదర్ తారామణిని పెళ్లి చేసుకుని తీసుకొచ్చాడు. సవతి తల్లి వస్తే ఏమవుతుందో ఆ సినిమా చూసిన ఏడేళ్ల పిల్లకి ఇంకొకరు చెప్పాలా?

పాపం, సినిమాలో సవతి తల్లి చేసిన పని తారామణి ఒక్కటీ చేయలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి గౌతమికి చాలా ఏళ్లు పట్టింది. నాన్న పోయాక చిన్నమ్మను తన దగ్గరికే తెచ్చుకుంది. ఇద్దరి మధ్యా మాటామాటా పెరిగింది లేదు. ఒకరి పక్కన ఒకరు కూర్చుని మనసు విప్పి మాట్లాడుకున్నదీ లేదు. చుట్టాలింట్లో ఉన్నట్టు మర్యాదగా ఉంటారు, అంతే.

ఇప్పుడు ఆ మర్యాదకే గండం వచ్చింది. షుగర్ వల్ల తారామణి కుడికాలి చివరి రెండు వేళ్లు నల్లబడ్డాయి. ఆ రెండూ తీసేస్తే గండం గట్టెక్కుతుందనీ, ఇంకా ఆలస్యం చేస్తే పాదం పోతుందనీ, అదీ దాటితే ప్రాణానికే ముప్పనీ ఉప్పల్లో డాక్టర్ చెప్పాడు. రెండుసార్లు తేదీ ఇచ్చాడు. రెండుసార్లూ తారామణి వద్దంది. మూడో తేదీ రేపు. ఎందుకు వద్దంటోందో ఎవరికీ అంతుబట్టడం లేదు. భయమందామా అంటే, గర్భసంచి ఆపరేషనై పది రోజులు కాకుండానే రోట్లో పచ్చడి నూరిన మనిషి.

"మమ్మీ, జల్ది రా! ఈ కాలు హీరోయిన్‌ది కాదు!" గీతిక గట్టిగా అరిచింది.

గౌతమి గరిటెతోనే హాల్లోకి వచ్చింది. టీవీ నిండా ఒక పాదం ఆగి ఉంది. రాకుమారుడి అరచేతిలో తెల్లగా మెరిసే చెప్పు, అందులోకి జారుతున్న కాలు.

"హీరోయిన్‌ది కాకపోతే ఇంకెవరిదే? చిన్నప్పుడు వందసార్లు చూసిన నేను."

"డాన్స్ పాటల ఆమె బొటనవేలు పొడుగుంది. ఇక్కడ చూడు, దాని పక్క వేలు పొడుగుంది. ఒక్క మనిషికి రెండు రకాల కాళ్లుంటయా?"

కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది. గౌతమి అటు చూడలేదు. ఆమె మనసంతా రేపటి మీద ఉంది.

"ఎవరిదైతే ఏంది? టీవీ బంద్ చేసి తిను" అని వెనక్కి తిరిగింది.

ఉపేందర్ గొంతు సవరించుకున్నాడు. "అత్తమ్మా, రేపు ఏడింటికే రమ్మన్నరు. నేను డ్యూటీ మార్పించుకున్న. కారు కూడ మాట్లాడిన."

"నేను రాను అల్లుడూ. నీ డ్యూటీ నువ్వు చేసుకో" అంది తారామణి, చాయ్ వద్దన్నంత తేలిగ్గా.

గౌతమి గరిటెను బల్ల మీద గట్టిగా పెట్టింది.

"చిన్నమ్మా, నెల రోజుల సంది చూస్తున్న. అడిగితే వద్దంటవ్, ఎందుకంటే మాట్లాడవ్. నీకేమన్న అయితే నలుగురు ఏమంటరు? సవతి తల్లి గదా, పట్టించుకోలేదంటరు. నాకా పేరు తెద్దామనా?"

"నీకు చెడ్డపేరు తెచ్చే పని ఎన్నడన్న చేసిన్నా బిడ్డా?"

"మరెందుకీ మొండితనం? రెండంటే రెండు వేళ్లు. అరవై ఏళ్లు దగ్గరకొచ్చినయ్. ఇప్పుడు ఎవరు చూస్తరు నీ కాలు?"

నోరు జారిన సంగతి గౌతమికి వెంటనే తెలిసింది. ఉపేందర్ తల దించుకున్నాడు. తారామణి మాత్రం కోపం తెచ్చుకోలేదు. టీవీలో ఆగిన పాదాన్ని చూసింది, తర్వాత గౌతమి మొహంలోకి చూసింది.

"నువ్వు చూసినవ్" అంది. "ప్రతి ఆదివారం చూసినవ్."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. గీతిక మాత్రం టీవీ వైపు, కుర్చీ వైపు మార్చి మార్చి చూసి గబుక్కున లేచింది.

"అమ్మమ్మా! ఆ కాలు నీదా?"

తారామణి కట్టుకు పైన చీర అంచు కాస్త ఎత్తింది. చీలమండ మీద మూడు చుక్కల పచ్చబొట్టు. గీతిక పరుగున వెళ్లి బొమ్మను పెద్దది చేసింది. చెప్పు అంచు దగ్గర, తెల్లటి రంగు కింద, మూడు మసక మచ్చలు. పాత కేసెట్లలో కనపడనివి ఈ కొత్త ప్రింటులో కనిపిస్తున్నాయి.

"మేకప్ ఆయన రంగు పూసిండు గని, లైట్ల వేడికి చెమట పట్టి కారిపోయింది" అంది తారామణి, తప్పు తనదే అయినట్టు.

గౌతమి ఉన్నచోటే కూలబడింది. గీతిక ఊరుకుంటుందా? ఎట్లా, ఎప్పుడు, నిన్నే ఎందుకు అంటూ కుర్చీ పట్టుకుని ఊపేసింది. నలభై ఏళ్లుగా ఎవరూ అడగని ప్రశ్నలు. తారామణి మొహంలోకి మెల్లమెల్లగా వెలుగొచ్చింది.

"నాకప్పుడు పంతొమ్మిదేండ్లు. ఈడనే ఇండస్ట్రియల్ ఏరియాల చెప్పుల కంపెనీల ప్యాకింగ్ చేస్తుంటి. సినిమా స్టూడియో మాకు దగ్గర్నే ఉండె. వాళ్లు వచ్చి మా మేస్త్రీతోని ఈ చెప్పు చేయించుకపోయిన్రు."

"నిజం గాజా?"

"గాజైతే కాలు తెగదా పిచ్చిదానా? ప్లాస్టిక్. మా మేస్త్రీ ఏం చేసిండు? కంపెనీల ఉన్న ఆడోళ్ల చెప్పుల అచ్చుల్లకెల్లి అన్నిట్లకు చిన్నది తీసి, దాని మీద చేసిండు. హీరోయిన్ కొలత వాళ్లియ్యలే, ఈయన అడగలే. తీరా షూటింగ్‌ల ఆమె కాలు దాంట్ల పడ్తలేదు!"

గీతిక పకపకా నవ్వింది. "హీరోయిన్‌కే చెప్పు పట్టలేదా? మరి రాకుమారుడు?"

"మోకాలు మీద కూసోని కూసోని ఆయనకు తిమ్మిరెక్కిందట. తెల్లారితే ఆ సెట్టు పీకేస్తరు. ఇంకో చెప్పు చేసే టైమేది? మేనేజరు చెప్పు పట్టుకోని మా కంపెనీకి ఉరికొచ్చిండు. నలభైమందిమి ఆడపిల్లలం. లైన్ల నిలబెట్టి ఒక్కొక్కరితోని కాలు పెట్టిచ్చిండు. కొందరికి మడమ పట్టలే, కొందరికి వేళ్లు పట్టలే. నా కాలు మాత్రం కొలిచి చేసినట్టు పట్టింది."

"అచ్చం కథలెక్కనే!"

"కథల రాకుమారుడు వచ్చిండు. నాకు గుట్కా నములుకుంట మేనేజరు వచ్చిండు" అంది తారామణి. ఉపేందర్ కూడా ఆపుకోలేక నవ్వేశాడు.

గౌతమి నవ్వలేదు. ఆ పాదం అంటే తనకెంత పిచ్చో ఆమెకు గుర్తొచ్చింది. ఆ దృశ్యం వచ్చేసరికి థియేటర్లో అమ్మ తనను గట్టిగా పట్టుకుని, చూడు చూడు అంది. అమ్మకు సంబంధించి ఆమెకు మిగిలిన జ్ఞాపకం ఆ ఒక్కటే.

"నాకెందుకు చెప్పలేదు చిన్నమ్మా?" అంది గౌతమి. "ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న చెప్పొద్దా?"

తారామణి చీర అంచు కిందికి దించుకుంది.

"చెప్తే నువ్వు ఆ సినిమా చూసుడు బంద్ చేస్తుంటివి బిడ్డా. అది మీ అమ్మతోని చూసిన సినిమా. అందుల సుత నేనే ఉన్ననంటే, నీకింక ఏం మిగులుతుండె?"

గౌతమి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"నువ్వు నా చెయ్యి తగలనిచ్చేదానివి కాదు" అంది తారామణి. నిష్ఠూరం లేదు, జరిగింది చెబుతోంది. "జడ సుత పక్కింటి అన్నపూర్ణమ్మతోని వేయించుకుంటుంటివి. నేను అన్నం కలిపి పెడితే తినకపోతుంటివి. కని, ఆదివారం మీ నాయిన కేసెట్ పెట్టంగనే, గీ సీన్ కాడ టీవీ దగ్గరికి ఉరుకుతుంటివి. అద్దం మీద చెయ్యి పెట్టి, ఆ పాదాన్ని ఇట్ల నిమురుతుంటివి. నేను వంటింటి తలుపు సందుల నిలబడి చూస్తుంటి. నా కాలికి చక్కిలిగిలి పెట్టినట్టే ఉండేది."

కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నా మొత్తం ఒంట్ల నువ్వు ప్రేమగ ముట్టుకున్నది గా కాలొక్కటే. గా వేళ్లు కోసి పారేస్తనంటే మనసొప్పుతలేదు. గంతే. పిచ్చిదాన్ననుకో, ఏమన్ననుకో."

వంటింట్లో పోపు మాడిన వాసన వస్తోంది. ఉపేందర్ వెళ్లి స్టవ్ ఆపి, మళ్లీ హాల్లోకి రాకుండా అక్కడే నిలబడిపోయాడు.

గౌతమికి ఏడేళ్లప్పటి తన మీద తనకే కోపం వచ్చింది. ఆ పిల్లను అనుకుని ఏం లాభం? తర్వాతి ముప్పై ఏళ్లు ఏం చేసింది? కాలికి కట్టు మార్చాలంటే కాంపౌండర్‌ని పిలిపించింది. మందులు వేళకు తెచ్చిపెట్టింది. అన్నీ చేసింది, ఒక్కసారీ దగ్గర కూర్చోలేదు.

ఆమె లేచి, మందుల డబ్బా తెచ్చుకుని తారామణి ముందు నేల మీద కూర్చుంది. కట్టు ఉన్న కాలిని ఒళ్లోకి తీసుకుంది.

"వద్దు, వాసనొస్తది" అని తారామణి కాలు లాక్కోబోయింది.

"రానియ్యి."

కట్టు విప్పింది. వాసన వచ్చింది. రెండు వేళ్లు బొగ్గుల్లా ఉన్నాయి. మిగిలిన పాదం వాచిపోయి, చర్మం పగిలి ఉంది. ముప్పై ఏళ్లకు పైగా నాన్న ఇంట్లోనూ ఈ ఇంట్లోనూ నీళ్లు మోసిన పాదం. గౌతమి మెల్లగా తుడిచి, వేళ్ల నుంచి మడమ దాకా నిమిరింది. ఆమె కన్నీళ్లు పాదం మీద పడుతున్నాయి.

"చిన్నమ్మా, సినిమాల ఉన్న కాలు ఎక్కడికి పోదు. నాకు కావాల్సింది ఈ ఇంట్ల తిరిగే కాలు. ఎనిమిది వేళ్లతోని తిరిగినా సరే. నువ్వు లేకపోతే నేను ఎవ్వరికి క్షమాపణ చెప్పుకోవాలె?"

తారామణి చెయ్యి గాల్లో కాసేపు ఆగి, తర్వాత గౌతమి తల మీదకు వచ్చింది. గౌతమి తల తీయలేదు.

"ఎన్నింటికి రమ్మన్నడన్నవ్ అల్లుడూ?" అని తారామణి వంటింటి వైపు కేకేసింది.

*

సోమవారం పదకొండింటికి ఉప్పల్ దవాఖానాలో ఆపరేషన్‌కి తీసుకెళ్లేటప్పుడు తారామణి స్ట్రెచర్ మీద నుంచే గౌతమి చెయ్యి పట్టుకుంది.

"ఇంకో ముచ్చట చెప్పలే నీకు. ఆ రోజు సాయంత్రం మా కంపెనీ పిల్లలందర్ని పెండ్లి పాటల జనంల నిలబెట్టిన్రు. అందుల నా మొఖం కూడ ఉంది."

"ఎక్కడ?"

"నేను చెప్ప. నువ్వే ఎతుక్కో" అని నవ్వింది. తలుపులు మూసుకున్నాయి.

గౌతమి బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో ఆ పాట పెట్టింది. ఎన్నిసార్లు చూసిందో లెక్కలేని పాట. కానీ ఇన్నేళ్లూ ఆమె చూసింది పెళ్లికూతుర్ని, రాకుమారుణ్ణి, పూలవాననే. వెనక నిలబడ్డ జనం వైపు ఏనాడూ చూడలేదు. ఇప్పుడు ఒక్కో వరుస ఆపి, పెద్దది చేసి, ఒక్కో మొహం వెతికింది. పగిడీలు, దండలు, నవ్వులు. ఈమె కాదు. ఈమె కూడా కాదు. ఉపేందర్ తెచ్చిన చాయ్ పక్కన చల్లారిపోయింది.

మూడో వరుసలో, స్తంభం పక్కన, బక్కపలచని పిల్ల ఒకతె. జనమంతా పెళ్లి జంట వైపు తిరిగి పూలు చల్లుతున్నారు. ఆ పిల్ల మాత్రం అటు చూడటం మానేసి, కెమెరా వైపే చూస్తూ ఉండిపోయింది. చూడొద్దని ఎంత చెప్పి ఉంటారో! కళ్లనిండా ఆశ్చర్యం, పెదవుల మీద ఆగీ ఆగని నవ్వు. అవే కళ్లు. గౌతమి ఫోన్‌ను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. ఏడేళ్ల పిల్లగా టీవీ ముందు కూర్చున్న ప్రతి ఆదివారమూ, ఆ అమ్మాయి అక్కడ నిలబడి నేరుగా తన వైపే చూస్తూ ఉంది.

ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంది. నర్సు బయటికి వచ్చి, "తారామణి గారి తాలూకు ఎవరండీ? స్పృహలోకి వచ్చిన్రు, పిలుస్తున్రు" అంది.

"నేనే" అంటూ గౌతమి ఫోన్ ఆర్పకుండానే లేచి, లోపలికి పరుగెత్తింది. "దొరికినవ్ చిన్నమ్మా, దొరికినవ్!"