ఎదురొచ్చే విమానం

ఏసోబు మాస్టారిని చంపింది డేగ కాదు. మీరు. మింటి మండలి పెద్దలారా, మీరే. మనిషి చెయ్యి ప్రమాదమని తీర్మానం చేసింది మీరు. ఆ చెయ్యి ఏదీ నేర్చుకోకుండా కట్టేసింది మీరు. కట్టేసిన చెయ్యి తడబడితే, చూశారా మేం ముందే చెప్పాం అని చంకలు గుద్దుకున్నదీ మీరే. డేగకేం తెలుసు? దానికి ఆకలి లేదు, పగ లేదు. మీరు నూరిపోసిన నాలుగు ముక్కలు తప్ప దాని బుర్రలో ఇంకేం లేదు. ఉప్పలదిన్నెలో జరిగింది మీ కాగితాల్లో ఒకలా ఉంది. నిజంగా జరిగింది ఇది.

ఆ రోజు పొద్దున దించుడుమిద్దె మీద సామ్రాజ్యం పాలడబ్బాలు దించుతోంది. ఉప్పలదిన్నెకి రోడ్డు ఎప్పుడో పోయింది. దాని మీద ఇప్పుడు తుమ్మచెట్లున్నాయి. బియ్యం, మందులు, పెళ్ళిబట్టలు, చివరికి శవం మీద వేసే దండ కూడా ఆకాశంలోంచే వస్తుంది. నాలుగు రెక్కల మోతపిట్టలు బారు కట్టి వచ్చి, మిద్దె మీద బరువు దించి లేచిపోతాయి. వాటిని నడిపేవాడు లేడు. వాటంతటవే నడుస్తాయి. ఆ బారులోకి మనిషి నడిపేది ఏదీ దూరకూడదు. దూరితే డేగ వస్తుంది.

డేగ విమానాన్ని కొట్టదు. అదీ మండలి తెలివి. రేడియోతో దేన్ని ఎగరేసినా, నడిపే పెట్టె మీది పుల్లలు పట్టుకున్న వేళ్ళలో ఉండే సన్నటి వణుకు ఆ రేడియోలో కలిసిపోతుంది. యంత్రానికి ఆ వణుకు ఉండదు. దానికి చేతిజాడ అని పేరు పెట్టారు. గూటికంబం మీద కూర్చున్న ఇనుప డేగ ఆ జాడ పసిగట్టి తిన్నగా చెయ్యి ఉన్న చోటికే వస్తుంది. "చెయ్యి వదులు" అని మూడుసార్లు అరుస్తుంది. పుల్లలు వదిలితే జాడ తెగిపోతుంది, డేగ వెనక్కి పోతుంది. వదలకపోతే ఛాతీలో దిగుతుంది. బొమ్మ విమానం కోసం ప్రాణం ఇచ్చే వెర్రివాడు ఉండడని మండలి ధీమా.

అంతకుముందెప్పుడో సామ్రాజ్యం తమ్ముడు కోటేశు సముద్రం ఒడ్డున బొమ్మ విమానం ఎగరేశాడు. అలల హోరులో ఆ అరుపు వాడికి వినపడలేదు. వాడి ఎముకల్లోంచి డేగ ముక్కు ఊడదీయడానికి ఇద్దరు మనుషులు కాలు తన్నిపెట్టి లాగాల్సి వచ్చింది. "హెచ్చరిక ఇవ్వబడినది" అని మండలి ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంది.

మిద్దె మెట్ల దగ్గర గూటి అధికారి వేణుమాధవ్ ఎదురయ్యాడు. ఇస్త్రీ నలగని మనిషి.

"ఏమ్మా సామ్రాజ్యం, డ్రిల్లు మాస్టారి షెడ్డులో బొమ్మలు చేస్తున్నావంటగా?"

"తీగ విమానాలండీ. రేడియో ఉండదు. తప్పు లేదని మీరేగా చెప్పింది."

"తప్పు లేదులే. తమ్ముడి దారిలో పోవద్దని చెప్తున్నా, నీ మంచికే."

"వాడు ఏ దారినా పోలేదు సార్. నిలబడ్డ చోటే పోయాడు."

నవ్వాలో వద్దో తెలియక ఆయన గబగబా మిద్దె ఎక్కేశాడు.

ఏసోబు కాలేజీలో డ్రిల్లు మాస్టారుగా చేసి దిగిపోయాడు. నిషేధం రాకముందు, ఆదివారం మైదానాల్లో రేడియో విమానాలు ఎగిరే కాలంలో, ఆ విద్య నేర్చినవాడు. కుర్రాళ్ళని ఎండలో పరిగెత్తించిన గొంతు ఇంకా అలాగే ఉంది. నేర్పడమూ తిట్టడమూ ఆయనకి ఒకే పని.

"అది రెక్కా, చేటా? ఆ వంకర చూడు. గరుకుకాగితం పట్టు."

"చేటే అనుకోండి మాస్టారూ. ఎగరకపోతే బియ్యం చెరుగుకుంటా."

థర్మోకోల్ పలకని వేడి తీగతో కోసి, మధ్యలో వెదురుబద్ద దూర్చి, పైన పల్చటి కాగితం జిగురుతో అతికించేవాళ్ళు. మోటారు, బ్యాటరీ పాడైపోయిన మోతపిట్టల్లోంచి పీకినవే. రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి విమానాన్ని లేపితే ముక్కు ఒక్క పిసరు కిందికి వంగాలి. తోక వంగిందా, మాస్టారు దాన్ని బల్ల మీద పడేసి, "మళ్ళీ" అనేవాడు. సామ్రాజ్యం మొదటి విమానం అలా ఎన్నిసార్లు బల్ల మీద పడిందో ఆమెకే తెలియదు.

ఎగరేయడం మాత్రం తీగ మీదే. పొడవాటి ఉక్కు తీగలు రెండు, చేతిలో పిడి. విమానం ఆమె చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. రేడియో లేదు గనక జాడ లేదు, డేగ రాదు. లేపడం, దించడం, గాలిని కాచుకోవడం అన్నీ ఆమె చేతికి వచ్చాయి. కానీ తీగ మీద విమానం ఎప్పుడూ పక్కవాటుగానే పోతుంది. ఎదురుగా రాదు.

"ఇది సగం చదువే అమ్మాయ్," అనేవాడు ఏసోబు. "రేడియో విమానం నీకు వీపు చూపించి పోతున్నంతసేపు నీ కుడి దాని కుడి. తిరిగి నీ మీదికి వస్తుంటే దాని కుడి నీ ఎడమ. అంతా తలకిందులు. అప్పుడు ఏ పక్క రెక్క వాలితే పుల్ల ఆ పక్కకే తొయ్యాలి. పడబోయే మనిషికి భుజం ఇచ్చినట్టు."

"అర్థమైంది మాస్టారూ."

"నీకర్థమైతే ఏం లాభం? వేళ్ళకి అర్థం కావాలి. వేళ్ళకి చెబితే తెలీదు, తప్పులు చేస్తేనే తెలుస్తుంది. చెయ్యనిస్తారా వీళ్ళు?"

ఆమె రెండో విమానం పెద్దది. ఏసోబు దాన్ని వేళ్ళ మీద లేపాడు. సరిగ్గానే వంగింది. అయినా దాన్ని కింద పెట్టలేదు. ముక్కు మీద కాగితం చీల్చి చూశాడు. లోపల గునపం మొన.

"ఇదేంది?"

"బరువుకి."

"బరువుకి సీసం పెడతారు. మొన పెట్టరు."

సామ్రాజ్యం తల ఎత్తలేదు. "గూటిని గుద్దుతా మాస్టారూ. ఆ కంబం నెత్తిన గాజుబుర్ర ఉంది చూడండి, అది పగిలితే డేగలన్నీ గుడ్డివైపోతాయి. కంచెకి కరెంటు పెట్టారు. కింది నుంచి పోలేం. పైనుంచి పోవాలి."

"విమానం ఉన్నది ఎగరడానికి. గుద్దడానికి కాదు."

"మరి డేగ ఉన్నది దేనికి?"

ఆయన విమానాన్ని బల్ల మీద ఆనించి, పెట్టె తెరిచి పాత రేడియోలు రెండు తీశాడు. వాటిని కలిపే నల్ల తీగ కూడా తీశాడు. జంటతీగ. నేర్చుకునేవాళ్ళ పెట్టె ఒక కొసకి, నేర్పేవాడి పెట్టె రెండో కొసకి. శిష్యుడు తడబడితే గురువు మీట నొక్కుతాడు, ఆ క్షణం నుంచి విమానం గురువు చేతిలో ఉంటుంది.

"ఒక్కదాన్నీ ఎగరెయ్యనివ్వను. పక్కన నేనుంటా. ఆ గాజుబుర్ర పగిలితే పగిలింది, పగలకపోతే పోయింది. విమానం నేలకి చేరేదాకా పుల్లలు వదిలే అలవాటు మాత్రం మా వాళ్ళకి లేదు. అది గుర్తుపెట్టుకో."

"డేగ వస్తే?"

"జాడ పసిగట్టి లేవడానికి దానికి కాస్త సమయం పడుతుంది. వచ్చేలోపు కొట్టి దించెయ్."

గూటికంబం ఉప్పుమళ్ళ నడుమ ఉంది. మిట్టమధ్యాహ్నం మళ్ళలో ఎవరూ ఉండరు. ఆడకూలీలు కట్ట అవతల రేకుల కిందికి పోయి అన్నాలు తింటారు. సామ్రాజ్యం ఎంచుకున్నది ఆ వేళే. మడిగట్టు మీద ఏసోబు ఒక పెట్టె ఆమె మెడలో వేసి, రెండోది తను వేసుకుని, జంటతీగ సాగినంత మేర నాలుగడుగులు పరిగెత్తి విమానాన్ని గాల్లోకి విసిరాడు. ఆ వయసులో కూడా ఆ విసురు తిన్నగా ఉంది.

లేచింది.

తీగ లేదు. చేతికీ విమానానికీ మధ్య ఏమీ లేదు. అయినా వేలు కదిలిస్తే అల్లంత దూరాన రెక్క కదులుతోంది. సామ్రాజ్యం తనకి తెలియకుండానే నవ్వింది. గునపం సంగతి, గాజుబుర్ర సంగతి, తమ్ముడి సంగతి కూడా ఒక నిమిషం మరిచిపోయింది.

"బాగుందా?" అన్నాడు ఏసోబు.

"దీని కోసమేనా మాస్టారూ వాడు పోయింది!"

"దీని కోసమే."

అప్పుడే సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. కాలం కాని వాన. ఉప్పు పండించే ఊళ్ళో మబ్బు కనిపిస్తే నోట్లో ముద్ద వదిలేసి పరిగెడతారు. రాశి తడిస్తే నెల రోజుల కష్టం నీళ్ళపాలు. కట్ట మీంచి రోశమ్మ ముందు, వెనక ఇంకా పాతికమంది ఆడవాళ్ళు, నెత్తిన తాటాకు తడకలతో దూకారు. రాశులన్నీ గూటికంబం చుట్టూనే ఉన్నాయి.

"తిప్పు అమ్మాయ్! కింద మనుషులు!"

"గాజు ఎదురుగానే ఉంది మాస్టారూ! ఇంకొక్క..."

"మనుషులే! తిప్పు!"

ఆమె పళ్ళు కొరికింది. తిప్పింది. తమ్ముణ్ణి చంపిన గూడు చేతికి అందేంత దగ్గరలో ఉండగా, తిప్పింది. మండలి వారు ఇది రాసుకోవాలి.

విమానం వెనక్కి తిరిగి ఆమె వైపు వస్తోంది. మొదటిసారి ఎదురుగా. వానగాలి ఒక్క విసురు విసిరింది. ఎడమవైపు కనిపిస్తున్న రెక్క వాలింది. బుర్రకి తెలుసు. వేళ్ళకి తెలీదు. వేళ్ళు కుడికి తోశాయి. విమానం పూర్తిగా ఒరిగి, గునపం మొన కిందికి పెట్టి, తాటాకులు పరుస్తున్న ఆడవాళ్ళ మీదికి దిగడం మొదలెట్టింది.

గూటి మీంచి డేగ లేచింది.

"చెయ్యి వదులు."

వదిలితే సామ్రాజ్యం బతుకుతుంది. ఇనుము రోశమ్మ వీపులో దిగుతుంది. ఆమె వదల్లేదు. ఇంకా తప్పువైపే తోస్తోంది.

"చెయ్యి వదులు."

ఏసోబు మీట నొక్కాడు. "నాకొచ్చింది! నువ్వు వదిలెయ్!" అని అరిచి, మోకాలితో నెట్టి ఆమెని గట్టు కిందికి పడేశాడు. డేగ గాల్లో ఒక్క క్షణం ఆగింది. కొత్త చెయ్యి, కొత్త వణుకు. ముసలి వణుకు. దాని వైపు తిరిగింది.

ఆయన డేగని చూడలేదు. చూస్తే చెయ్యి తడబడుతుంది. వాలిన రెక్క వైపే పుల్ల తోశాడు. విమానం రోశమ్మ నెత్తి మీది తడకని కోసుకుంటూ లేచింది. ఇక అది దిగాల్సింది ఎవరూ లేని ఉప్పునీటి గుంటలో. గుంట అల్లంత దూరంలో ఉంది.

"చెయ్యి వదులు."

వదల్లేదు.

డేగ ముక్కు ఆయన గొంతు కింద దిగి వీపులోంచి బయటికొచ్చింది. మనిషి వెనక్కి పడలేదు, కూలబడ్డాడు. నోట్లోంచి నెత్తురు రేడియో పెట్టె మీద ధారగా కారింది. బొటనవేళ్ళు పుల్లల మీదే ఉన్నాయి, కదులుతున్నాయి. విమానం గుంటలో పడిన చప్పుడు విన్నాకే ఆగాయి.

వేణుమాధవ్ వానలో తడుస్తూ పరిగెత్తుకొచ్చాడు. శవాన్ని చూసి జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"మూడుసార్లూ హెచ్చరించింది. రికార్డులో ఉంది. మాస్టారు వదలాల్సింది."

"వదిలితే నా ఈపున దిగేదిరా ఆ ఇనుము!" అంది రోశమ్మ.

"అది డేగకి తెలీదమ్మా. ఎవరైనా వదులుతారనే దాన్ని అలా చేశారు. వదలని మనిషి ఉంటాడని ఎవరూ అనుకోలేదు. ఒకసారి జాడ పట్టాక దాన్ని ఆపడం నా వల్లా కాదు, మండలి వల్లా కాదు. మనిషి చేతిలో ఏమీ లేదు."

రోశమ్మ పార తిరగేసి కామతో ఆయన దవడ మీద కొట్టింది. పన్ను ఎగిరి ఉప్పులో పడింది. మిగతావాళ్ళు ఆయన్ని జుట్టు పట్టి మళ్ళలోకి ఈడ్చారు. చీరుకుపోయిన మోకాళ్ళలో ఉప్పు ఎక్కి పశువులా అరిచాడు. అడ్డం పడినవాళ్ళు లేరు.

సామ్రాజ్యం ఏసోబు మెడలోంచి పెట్టె తీసింది. తుడవలేదు. నెత్తురుతోనే తెచ్చి వేణుమాధవ్ చేతుల్లో పెట్టింది. ఆయన బొటనవేళ్ళు పుల్లల మీద పెట్టి, వాటి మీద తన చేతులు వేసి బిగించింది. ఆమె చేతుల మీద రోశమ్మ తన చేతులు బిగించింది.

"పట్టుకో సార్. వదలొద్దు."

"ఏయ్! పిచ్చా? అందరం చస్తాం!"

"చద్దాం."

గూటి మీంచి రెండో డేగ లేచింది. "చెయ్యి వదులు." ఆయన గింజుకున్నాడు. ఉప్పు ఎత్తిన చేతులు అవి, సడలలేదు. "చెయ్యి వదులు." ఆయన మెడ వంచి, కాలరుకున్న ఫోనులోకి ప్రాణం పెట్టి అరిచాడు.

"కేంద్రం! ఉప్పలదిన్నె గూడు ఆపండి! నేను వేణుమాధవ్‌ని! ఆపండి, తక్షణం ఆపండి!"

మూడో అరుపు రాలేదు. డేగ రెక్కలు ముడుచుకుని రాయిలా బురదలో పడింది. కంబం మీద మిగిలినవన్నీ తలలు వాల్చేశాయి. పైన మోతపిట్టల బారు మాత్రం ఎప్పటిలాగే సాగిపోతోంది. దేన్నీ ఏదీ గుద్దుకోలేదు. ఆకాశం విరిగి పడలేదు.

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఆగుద్దంట," అంది సామ్రాజ్యం మెల్లగా. "మాస్టారూ, ఆగుద్దంట."

ఆమె ఏడవడం అప్పుడే మొదలైంది. రోశమ్మ మాత్రం ఆయన కాలరు వదల్లేదు.

మండలి పెద్దలారా, విన్నారుగా. డేగ అధికారి ఛాతీ మీదికొస్తే ఒక్క కేకతో ఆగింది. అంటే ప్రతిసారీ ఆగేదే. కోటేశు ముందూ ఆగేదే, ఏసోబు ముందూ ఆగేదే. మీరు ఆపలేదు. విచారణ సంఘం మాకొద్దు, సంతాప తీర్మానం మాకొద్దు. వేణుమాధవ్ ఇంకా ఉప్పుమళ్ళలోనే ఉన్నాడు, ఆయన ఫోను ఇంకా తెరిచే ఉంది. ఆయన అరిచిన ఆ మాటే మీ నోటితో అనండి. ఒక్క ఉప్పలదిన్నెకి కాదు, దేశంలో ప్రతి గూటికీ అనండి. ఆపండి. ఈ పూటే ఆపండి.