మారుకేక

ఈ వృత్తాంతం నాకు రెండు నోళ్ల మీదుగా చేరింది. మొదట చెప్పినవాడు అబూబకర్. భద్రాచలంలో బట్టల దుకాణం నడిపే పెద్దమనిషి. గోదావరి వరదనైనా ఒక మూర తగ్గించి చెబుతాడే తప్ప పెంచి చెప్పడు. ఆ తరువాత నా చెవి మిషను చార్జింగు పోయిందన్న నెపంతో, అతని తమ్ముడు ఫజల్‌ను మరమ్మతుల కొట్లోనే కలిసి అడిగాను. ఫజల్ చేతిలో పని ఆపకుండానే అంతా చెప్పాడు. మధ్యలో ఒకసారి మాత్రం లేచి, వీధి తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు. అన్నదమ్ముల మాటల్లో ఎక్కడా తేడా రాలేదు. కనుకనే రాస్తున్నాను.

ఫజల్ సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. నిరుడు మాఘమాసంలో ఊటవాగు గూడెం నుంచి రామక్క అనే ఆవిడ పగిలిన ఫోను పట్టుకుని అతని దగ్గరికి వచ్చింది. ఆమె భర్త దూలయ్య వానాకాలంలో పోయాడు. చేలో మంచె మీద కాపలాకు వెళ్లినవాడు, తెల్లవారేసరికి పక్కనున్న వాగులో బోర్లా పడి ఉన్నాడు. ఏం జరిగిందో చూసినవారు లేరు. ఇప్పుడు రెండో పంట మొక్కజొన్న కంకులు పాలుపోసుకుంటున్నాయి. అడవిపందులు చేలో పడ్డాయంటే ఏడాది తిండి ఒక్క రాత్రిలో నేలపాలవుతుంది.

"మనిషి లేని మంచెను పంది పసిగడ్తది తమ్మీ," అంది రామక్క. "నేను ఎక్కుదమంటే, సచ్చినోని మంచె ఏడాది తిరిగేదాంక ఎక్కొద్దంటరు. ఎక్కకుంటే చేను దక్కది. ఏం జెయ్యాలె?"

ఫజల్‌కు ఆమె మీద జాలి కలిగింది. కొత్త విద్య ఒకటి పట్టుబడుతున్న ఉత్సాహమూ దానికి తోడైంది. "నువ్వెందుకు ఎక్కుడు అక్కా? మిషన్‌ను కూసోబెడ్తా," అన్నాడు.

ఆ విద్య సంగతి కొంత చెప్పాలి. అగ్గిపెట్టెలో పట్టేంత బోర్డు ఒకటి అతను పోస్టులో తెప్పించుకున్నాడు. దానికి ఏ పనీ రాదు. మనం కంప్యూటర్లో ఆజ్ఞలు రాసి కేబుల్ ద్వారా లోపలికి ఎక్కించాలి. వాటినే ఫర్మ్‌వేర్ అంటారు. అవి ఎక్కాక బోర్డు ఆ చెప్పినంత మట్టుకే చేస్తుంది, మరేదీ చేయదు. మొదట్లో కంప్యూటర్ దాన్ని గుర్తించనే లేదు. పాపం, రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, తను వాడుతున్నది చార్జింగుకు తప్ప సమాచారానికి పనికిరాని కేబుల్ అని. కేబుల్ మార్చాడు. తెర మీద చుక్కలు వరసగా పడుతున్నప్పుడు బోర్డు మీది చిన్న బటన్ నొక్కి పట్టుకోవాలన్న కిటుకు ఆ తరువాత తెలిసింది. చివరికి మొదటి పాఠం ఎక్కింది. బోర్డు మీది నీలం దీపం వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

అబూబకర్ గుమ్మంలో నిలబడి నవ్వాడు. "వారం రోజుల సంది కష్టపడ్డది గీ మిణుగురుపురుగు కోసమా? ఇగ పందులకు గూడ కంప్యూటర్ చదువు చెప్తవా ఏంది?"

"చూస్కుంట ఉండు భాయ్. పందులే నీ దుకాన్ల లుంగీలు కొనేటట్టు చేస్తా," అన్నాడు ఫజల్.

ముందు సైరన్ మోత పెట్టి చూశాడు. పందులు నాలుగు రోజుల్లో దానికి అలవాటుపడ్డాయి. అప్పుడు రామక్క చేను పక్కనే మంచె ఉన్న పగిడయ్య అసలు మాట చెప్పాడు. ఆ గూడెంలో కాపలా కేకకు ఒక పద్ధతి ఉంది. ఒక మంచె మీంచి కేక వేస్తే, పక్క మంచెవాడు మారుకేక వేసి తీరాలి. నిద్రలో ఉన్నా లేచి పలకాలి.

"మారుకేక లేని కేకను పంది నమ్మదు," అన్నాడు పగిడయ్య. ఆ మాట అంటూ ఎందుకో తల వంచుకున్నాడు.

రామక్క పాత ఫోనులో దూలయ్య కేక ఉంది. బతికి ఉండగా సరదాకు రికార్డు చేసుకున్నది. "ఓ... హో... య్!" గంభీరమైన గొంతు. చివర పొగచుట్ట తెచ్చిపెట్టిన పొడి దగ్గు. పందికి దగ్గుతో పనేముందని ఫజల్ దాన్ని కత్తిరించి, కేకను మాత్రం మెమరీ కార్డులోకి ఎక్కించాడు.

రామక్కకు మనసొప్పలేదు. "ఏడాది గాలె. ఆయన గొంతును మళ్ల మంచె మీద పెట్టుడు మంచిదేనా తమ్మీ?"

"గొంతు కాదక్కా. ఫైలు," అన్నాడు ఫజల్.

బోర్డుకు ఒక స్పీకరు, ఒక మైకు తగిలించి, బ్యాటరీ ఎక్కువ రోజులు వచ్చేలా ఆజ్ఞలు రాశాడు. బోర్డు ఒక కేక వేసి చెవి ఒగ్గి వింటుంది. మారుకేక వినిపిస్తే, అది ఎంతసేపు ఉంటే అంతసేపు నీలం దీపం వెలిగి, మళ్లీ కేక వేస్తుంది. వినిపించకపోతే చాలాసేపు నిద్రపోతుంది. గాలికీ కీచురాళ్లకూ పలకకుండా, మనిషి గొంతుకే పలికేలా కొట్లో ఎన్నోసార్లు పరీక్షించి చూసుకున్నాడు.

మసక పడుతుండగా ఫజల్, రామక్క, పగిడయ్య ముగ్గురూ చేనికి వెళ్లారు. ఆజ్ఞలు మార్చాల్సి వస్తుందేమోనని ఫజల్ లాప్‌టాప్, కేబుల్ వెంట తెచ్చుకున్నాడు. పచ్చి కంకుల తీపి వాసన, వాగు ఒడ్డు బురద వాసన కలిసి వస్తున్నాయి. అడవి అంచున చీకటి ముందుగానే దిగింది. మంచె ఎక్కడానికి గూడెంవాళ్లెవరూ ఒప్పుకోరు కనుక ఫజలే ఎక్కి మిషన్‌ను కట్టి దిగాడు. పగిడయ్య తన మంచె మీదికి వెళ్లి పలకాలని ఒప్పందం.

మిషన్ కేక వేసింది.

"ఓ... హో... య్!"

చేను మీదుగా, వాగు మీదుగా ఆ గొంతు అడవిలోకి వెళ్లింది. రామక్క గుంజ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. పగిడయ్య తన మంచె వైపు నాలుగడుగులు వేసినవాడల్లా పరుగున వెనక్కి వచ్చాడు.

"నేను పలక," అన్నాడు. "నాతోని గాదు. పోయిన వానకాలం బావ గిట్లనే పిల్సిండు చెల్లె... శానసేపు పిల్సిండు. వానకు బద్ధకమై నేను పలకలె. తెల్లారి చూస్తే వాగుల ఉన్నడు."

రామక్క అతని ముఖంలోకి చూసింది.

ఫజల్ నెమ్మదిగా అన్నాడు. "సరే, పలకకు. పలికేటోడు లేకపోతే మిషన్ అదే పండుకుంటది."

ముగ్గురూ మంచె వైపే చూస్తున్నారు. అంతవరకూ చెవులు హోరెత్తించిన కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

మంచె మీద నీలం దీపం వెలిగింది.

వెలిగి... అలాగే ఉంది. ఒక మనిషి గుండె నిండా ఊపిరి తీసుకుని కేక వేసినంతసేపు ఉంది. ఆరింది.

వారికి ఏ చప్పుడూ వినపడలేదు.

"ఓ... హో... య్!" మిషన్ మళ్లీ పిలిచింది.

"ఎవరన్నా పలికిండ్రా?" రామక్క గుసగుసగా అడిగింది.

"మైకు ఖరాబైంది అక్కా. అంతే."

ఫజల్ మంచె ఎక్కాడు. మైకును అరచేత్తో గట్టిగా మూశాడు. దీపం వెలిగింది. ఈసారి ఇంకా ఎక్కువసేపు. అరచేతి కింద మైకు సన్నగా అదురుతోంది... ఎదురుగా నిలబడి ఎవరో దానిలోకి అరుస్తున్నట్టు.

అతను మిషన్‌ను ఊడబెరుక్కుని కిందికి దూకాడు. స్పీకరు తెంపాడు. కేక ఉన్న మెమరీ కార్డు లాగి పిడికిట్లో బిగించాడు. లాప్‌టాప్ తెరిచి, బటన్ నొక్కిపట్టి, బోర్డులో తాను రాసినదంతా తుడిచేశాడు. చేతులు ఏం చేయాలో తోచక, తనకు వచ్చిన మొదటి పాఠాన్నే అందులోకి ఎక్కించాడు.

దీపం వెలిగింది. ఆరింది. వెలిగింది. ఆరింది. మిణుగురుపురుగు.

"అయిపోయింది," అన్నాడు. "దానికి ఇప్పుడు నోరు లేదు. చెవి లేదు."

అప్పుడు వాగు వైపు నుంచి వచ్చింది.

"ఓ... హో... య్!"

చివర పొడి దగ్గు.

ఫజల్ పిడికిట్లో కార్డు అలాగే ఉంది.

"దగ్గు..." అంది రామక్క. "నువ్వు కోసేసినవ్ గదా తమ్మీ... దగ్గు..."

మళ్లీ పిలుపు. ఈసారి వాగుకు ఇవతల నుంచి. మొక్కజొన్న ఆకులు వరస తరువాత వరస కదులుతున్నాయి. రామక్క లేచి నిలబడింది. ఆమె ముఖంలో భయం లేదు. అదే ఫజల్‌ను ఎక్కువ భయపెట్టింది. పిలిస్తే పలకాలని పుట్టినప్పటి నుంచీ నేర్చిన మనిషి. ఆమె ఛాతీ నిండా ఊపిరి తీసుకుంది...

పగిడయ్య ఆమె నోరు మూశాడు. "నువ్వొద్దు చెల్లె. గది నేను పలకాల్సింది."

తల ఎత్తి, అతను గొంతు చించుకుని పలికాడు. "ఓ... హో... య్!"

ఆకుల కదలిక ఆగింది. చాలాసేపటికి కీచురాళ్లు మొదలయ్యాయి. ముగ్గురూ చేతులు పట్టుకుని గూడెం చేరారు. దారిలో రామక్క ఏదో అడిగితే పగిడయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు.

తరువాతి సంగతులు ఇవి. ఆ చేనిలో పంది అడుగుపెట్టలేదు. ఒక్క కంకి పోలేదు. రామక్క కూలివాళ్లను పెట్టి పగటిపూటే పంట కోయించి, భూమి బీడు పెట్టి, దమ్మపేటలో ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. ఫజల్ మళ్లీ బోర్డు ముట్టలేదు. దాన్నీ, కార్డునూ కలిపి గోదావరిలో వేశాడు. ఇప్పుడు ఫోన్ల మరమ్మతుతో పాటు చార్జర్లూ, కవర్లూ అమ్ముకుంటున్నాడు. అబూబకర్ తమ్ముణ్ణి ఆ విషయంలో మళ్లీ ఎప్పుడూ వేళాకోళం చేయలేదు.

పగిడయ్యకు మాట తిరిగి రాలేదు. ఖమ్మం దవాఖానాలో చూపిస్తే గొంతులో ఏ లోపమూ లేదన్నారు. రోజూ పొద్దుగూకే వేళకు అతను గడప మీద కూర్చుని చేని వైపు చెవి పెడతాడు. దూలయ్య మంచె మీంచి కేక వస్తుంది. పక్క మంచె మీంచి మారుకేక వస్తుంది. అది పగిడయ్య గొంతేనని గూడెంలో అందరికీ తెలుసు. అతను నోరు మూసుకుని తన గొంతు తానే వింటూ ఉంటాడు.

ఈ మధ్య ఆ రెండు కేకల తరువాత కొంత ఎడం ఉంటోందట. మూడో గొంతు కోసం ఆగినట్టు.

దమ్మపేటకు ఆ కేక వినిపించే వీలు లేదు. ఎన్నో ఊళ్ల దూరం. అయినా ఆ వేళకు రామక్క చేస్తున్న పని విడిచి, గుమ్మం దగ్గరికి వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడుతుందని ఆమె తమ్ముడు ఫజల్‌తో చెప్పాడట.