నాలుగూ ఒక్కసారే విప్పకు

బేస్ గిటార్ నా అంతట నేనే నేర్చుకున్నాను. విన్నవాళ్ళు ఆ సంగతి ఇట్టే కనిపెట్టేస్తారు. అసలు వాయించేవాడు మా అన్నయ్య. మోటారు సైకిల్ మీంచి పడి, నెలల తరబడి స్పృహ లేకుండా వెనకగదిలో ఉన్నాడు. బ్యాండువాళ్ళు అతని చోటులో నన్ను పెట్టుకున్నారు, ఖాళీగా ఉండేకన్నా నయమని.

ఆ మధ్యాహ్నం అన్నయ్య గిటార్‌కి కొత్త తీగలు తెచ్చాను. అన్నయ్యవి లావుపాటి నున్నటి తీగలు. దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టు పలికేవి. నేను సన్నటి గరుకు తీగలు ఎంచుకున్నాను. బిగి తక్కువ, వేళ్ళకి సుఖం, శబ్దం గలగల. నా తప్పులు కూడా గలగలలాడతాయని కొట్టువాడు చెప్పలేదు.

“ఒకటి విప్పు, ఒకటి బిగించు. నాలుగూ ఒక్కసారే విప్పావో, మెడ పట్టు తప్పుతుందిరా బండోడా!” అనేవాడు అన్నయ్య. బండోడా అని తప్ప నన్ను ఇంకోలా పిలిచిన పాపాన పోలేదు.

గిటార్ మెడ గురించే అనుకున్నాను.

అతని మంచం పక్కనే కూర్చుని, నాలుగూ వదులు చేసి, టకటకా కత్తిరించి చెత్తబుట్టలో పడేశాను. పనిమంతుణ్ణి కదా!

గది చల్లబడింది. తడి ఇనుము వాసన. పక్కగదిలోని గడియారం టిక్కుటిక్కు కూడా వినిపిస్తోంది. అంతవరకూ దాన్ని కప్పి ఉంచిన చప్పుడేదో ఆగిపోయింది...

అన్నయ్య ఊపిరి.

“వదినా!”

వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అన్నయ్య మెడ మెల్లగా వెనక్కి వాలిపోతోంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

“ఏం చేశావయ్యా...” అంటూ ఫోన్ కోసం పరుగెత్తింది.

పాత తీగలు బుట్టలోంచి తీశాను. ముక్కలు. తీగ బిగించే మరల్లో దేనికీ అందవు. ఏడుస్తూ కొత్త తీగ ఎక్కించాను. జారింది. మళ్ళీ ఎక్కించాను. మర తిప్పాను.

అన్నయ్య ఛాతీ కదిలింది.

రెండోది. పెదవులు కదిలాయి. మూడోది... దేవుడా, దేవుడా... నాలుగోది. శ్రుతి కుదరగానే కళ్ళు తెరిచాడు.

“దాహంగా ఉంది,” అన్నాడు. సన్నటి గొంతు. గలగలమంటూ.

ఫోన్ పక్కన పడేసి నీళ్ళు తెచ్చిన వదిన, గ్లాసు పట్టుకునే ఏడ్చేసింది. “మాట్లాడుతున్నాడయ్యా! మీ అన్నయ్య మాట్లాడుతున్నాడు! గొంతు అదే కుదురుకుంటుందిలే.”

అతను నావైపు చూసి నవ్వాడు. “బాగున్నావా తమ్ముడూ?”

తమ్ముడూ!

బయట చెత్తబండి హారన్ మోగింది. వదిన కళ్ళు తుడుచుకుంటూ, “ఆ ముక్కలు బుట్టలో వేసి పారేసి రావయ్యా, కాళ్ళకి గుచ్చుకుంటాయి. పాడు తీగలు!” అంది. ఇన్నాళ్ళకి ఆమె మొహంలో వెలుగు చూశాను. ఏం చెప్పను ఆవిడకి? ముక్కలు ఏరి అందులో వేసి బుట్ట ఎత్తుకున్నాను.

గుమ్మం దాటుతుంటే బుట్ట అడుగున ఏదో కదిలింది. బొంగురుగా, దుప్పటి ముసుగులోంచి...

“బండోడా... బిగించరా...”

చెత్తబండి మా ఇంటి ముందే ఆగింది. బుట్టని గుండెలకి హత్తుకున్నాను.

వెనకగదిలోంచి, గలగలా, చాలా ప్రేమగా వినిపించింది:

“ఇంకా పారెయ్యలేదా తమ్ముడూ?”