ఎంటర్ మీద వేలు

మధ్యాహ్నం బెల్ కొట్టేసరికి బడి కంప్యూటర్ గది అంతా స్క్రూలు, దుమ్ము, చిక్కుపడ్డ వైర్లు. ఏదో ఆఫీసు వాళ్లు వద్దనుకుని ఇచ్చేసిన నాలుగు పాత కంప్యూటర్లు బల్లల మీద ఉన్నాయి. ఆరో తరగతి పిల్లలు వాటిలో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలి. ఆఖరి పీరియడ్‌లో ఒకటో తరగతి పిల్లలు వచ్చి వాటి మీద బొమ్మలు గీస్తారు. పనిచేయనివాటిని సాయంత్రం పాత సామాన్లవాడు పట్టుకుపోతాడు.

ఆరో తరగతిలో అందరూ బుల్లెట్ అని పిలిచే అమ్మాయికి కంప్యూటర్లంటే ప్రాణం. ఆ పేరు ఊరికే రాలేదు లెండి. ప్రశ్న సగం చదివి జవాబు మొత్తం రాసేసే రకం. ఆమె చెల్లెలు బుడంకాయ ఒకటో తరగతి. తన కంప్యూటర్ మీద మొదటి బొమ్మ చెల్లే గీస్తుందని బుల్లెట్ పొద్దున్న మాటిచ్చింది. బుడంకాయ ఆ సంగతి తరగతంతా చాటింపు వేసేసింది.

ఎక్కించే పద్ధతులు రెండున్నాయని టీచర్ చెప్పారు. ఒకదాంట్లో తెర మీద రంగులు, బటన్లు ఉంటాయి. మౌస్‌తో నొక్కుకుంటూ పోవచ్చు. రెండోదాంట్లో అన్నీ అక్షరాలే, పనంతా కీబోర్డుతోనే.

"రెండూ చేసే పని ఒకటే. మెమరీ మరీ తక్కువున్న మిషన్‌కి అక్షరాలది మంచిది. మిగతావాటికి మీకు ఏది వీలైతే అది. ఏదైనా సరే, చదివి నొక్కండి," అన్నారు టీచర్.

ఆ చివరి ముక్క తప్ప మిగతావన్నీ బుల్లెట్ చెవికెక్కాయి. అక్షరాలదే కావాలంది. పక్క బల్ల దగ్గర ఉన్న అబ్బాయి రంగుల పద్ధతి ఎంచుకున్నాడు. ప్రతి లైనూ వేలు పెట్టి చదువుతాడని వాణ్ణి అందరూ నిదానం అంటారు. బటన్లు నొక్కడం తన చెల్లికి కూడా వచ్చని బుల్లెట్ వాణ్ణి ఆటపట్టించింది. వాడు నవ్వి, మళ్లీ చదువుకోవడంలో పడ్డాడు.

బుల్లెట్ వేళ్లు టకటకలాడాయి. ఒక పేజీ, ఎంటర్. ఇంకో పేజీ, ఎంటర్. మధ్యలో ఏదో పెద్ద జాబితా వచ్చింది. దానికీ ఎంటర్. నిదానం ఇంకా సగంలో ఉండగానే ఆమె పని అయిపోయింది. చేతులు దులుపుకుని, అందరి బల్లల దగ్గరికీ వెళ్లి ఉచిత సలహాలు ఇచ్చి వచ్చింది.

ఆఖరి పీరియడ్‌లో చిన్నపిల్లలు బిలబిలమంటూ వచ్చారు. బుడంకాయ నేరుగా అక్క కుర్చీ ఎక్కి కూర్చుంది. బుల్లెట్ గర్వంగా స్విచ్ వేసింది.

తెరంతా నలుపు. ఓ మూల తెల్లటి గీత ఒకటి మిణుకుమిణుకుమంటోంది. అంతే.

"అక్కా, ఇది పలకా? మరి బలపం ఏది?" అంది బుడంకాయ.

గది ఘొల్లుమంది. బుల్లెట్ ముఖం కందిపోయింది. ఏ కీ నొక్కినా బొమ్మలు గీసే పేజీ రాలేదు. మిషన్ పాతది, పాడైపోయిందని టీచర్‌తో చెప్పేసింది. టీచర్ సరేనని దాని మీద సుద్దముక్కతో అడ్డగీత కొట్టి, పాత సామాన్లవాడి కోసం తలుపు దగ్గర పెట్టించారు.

మాటిచ్చిన అక్క మీద బుడంకాయ అలగలేదు, ఏడవనూ లేదు. వెళ్లి ఆ డబ్బాని నిమిరింది. "పోనీలే అక్కా. పాపం, దీనికి ఒంట్లో బాగోలేదు."

బుల్లెట్‌కి చాలా సిగ్గేసింది. తిన్నగా టీచర్ దగ్గరికి వెళ్లింది.

"దానికేం కాలేదు టీచర్. నేనే చదవకుండా నొక్కేశాను."

"ఎక్కడ?"

"అదీ తెలీదు టీచర్. చదివితే కదా."

టీచర్‌కి నవ్వాగలేదు. మిషన్‌ని మళ్లీ బల్ల ఎక్కించి, ఆ జాబితాను తెరిపించారు. నిదానం వచ్చి వేలు పెట్టి చదివాడు. కావలసినవాటి పక్కన స్పేస్ నొక్కి గుర్తు పెట్టాలట. తెర మీద బొమ్మలు, విండోలు చూపించే భాగానికి బుల్లెట్ గుర్తే పెట్టలేదు. దాంతో కంప్యూటర్ అవి లేకుండానే సిద్ధమైంది. అంతా మళ్లీ చేయనక్కర్లేదని టీచర్ అన్నాక ఆమె ప్రాణం లేచొచ్చింది. ఈసారి జాబితా పైనుంచి కిందిదాకా చదివి, గుర్తు పెట్టి, అప్పుడు ఎంటర్ నొక్కింది. అది ఎక్కేలోపు అడ్డగీతను చేత్తోనే తుడిచేసింది.

పావుగంటలో తెర నీలంగా వెలిగింది. బుడంకాయ ఏనుగు గీశానంది. చూస్తే బంగాళదుంపకి కాళ్లొచ్చినట్టుంది. అయినా అందరూ చప్పట్లు కొట్టారు, అందరికంటే గట్టిగా బుల్లెట్.

ఇక మిగిలింది నాలుగోది, అన్నిటికంటే ముసలిది. తనే చేస్తానని బుల్లెట్ ముందుకొచ్చింది. డబ్బా మీద అంటించిన వివరాల చీటీ మొత్తం చదివింది.

"మళ్లీ అక్షరాలదేనా?" అడిగాడు నిదానం.

"దీనికి మెమరీ బాగా తక్కువ. రంగుల పద్ధతిని మోయలేదు. నువ్వూ రా, కలిసి చదువుదాం."

బుడంకాయ అక్క ఒళ్లోకెక్కి ఎంటర్ మీదికి వేలు చాపింది. బుల్లెట్ ఆ చిన్న వేలిని మెల్లగా పట్టుకుంది.

"ఆగు. ఇక్కడేం రాసుందో ముందు చూద్దాం."

ముగ్గురూ మొదటి లైను దగ్గర మొదలుపెట్టారు. ఇంటి బెల్ కొట్టారు. పేజీలో ఇంకా రెండు లైన్లున్నాయి. బుల్లెట్ కుర్చీలోంచి కదల్లేదు.