గ్రేడర్ ఎక్కుతానన్న పిల్ల

ఆ శనివారం పొద్దున్న ఆరింటికే నోరీన్ వంటింట్లో గుడ్లు గిలక్కొడుతోంది. మధ్యాహ్నం షైర్ హాల్లో విందు. ముప్పై ఒక్క ఏళ్లుగా మా కూరబిన్ షైర్ మట్టిరోడ్లన్నీ గ్రేడర్‌తో చదును చేసిన ఆమె భర్త క్లారీకి రిటైర్మెంట్ వీడ్కోలు. మా దగ్గర విందుకు పిలిచినవాళ్లు వండిపెట్టరు, ఇంటికో పళ్లెం ఎవరికి వాళ్లే పట్టుకెళ్లాలి. వీడ్కోలు సొంత మొగుడిదే కావచ్చు గాక, నోరీన్ కేకు లేకుండా హాలు గడప తొక్కుతుందా!

షైర్ అంటే తాలూకా లాంటిది. మా షైర్ అంటే నాలుగువందల మంది మనుషులు, లెక్కతెలియనన్ని గొర్రెలు. పక్కింటికి వెళ్లాలన్నా ముందు పెట్రోలు చూసుకోవాలి. వాన పడితే రోడ్డు కొట్టుకుపోతుంది, క్లారీ వచ్చి గ్రేడర్ బ్లేడుతో గీకితే తప్ప స్కూలు బస్సు కదలదు. అందుకే షైర్ ప్రెసిడెంట్ వార్విక్ కన్నా క్లారీకే మా దగ్గర గౌరవం ఎక్కువ.

"అమ్మా, వార్విక్‌కి ఇవాళ జవాబు చెప్పాలి," అంది టెగన్, గిన్నెలు తుడుస్తూ. ఇరవై మూడేళ్ల పిల్ల. తండ్రి తర్వాత గ్రేడర్ తనకే ఇస్తామని షైర్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చి వారమైంది.

"ఏం జవాబు? పెర్త్‌లో మీ పిన్ని పట్నం ఉద్యోగం చూసిపెట్టింది. సోమవారం బస్సెక్కుతున్నావు. అంతే."

"నాకు గ్రేడర్ కావాలమ్మా."

"నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ మాట ఎత్తకు."

టెగన్ తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచింది. తల్లి ఒప్పుకోకపోతే సంతకం పెట్టే పిల్ల కాదు. అలాగని పెర్త్ వెళ్లడమూ ఇష్టం లేదు దానికి.

పదిన్నరకు తల్లీకూతుళ్లు బయల్దేరారు. క్లారీ పని మీద నుంచి తిన్నగా హాలుకే వస్తాడు. హాలు అరవై కిలోమీటర్లు. ఇద్దరి మధ్య సీటు మీద కేకు డబ్బా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు ఫోన్లు పనిచెయ్యవు. గ్రేడర్‌తో సహా ప్రతి బండిలోనూ ఒక రేడియో ఉంటుంది, షైర్ అంతా ఒకటే ఛానల్. మైకు బొత్తం నొక్కి మాట్లాడితే అందరి బండ్లలోనూ వినిపిస్తుంది. ఒకరు నొక్కి ఉంచినంతసేపూ ఇంకెవరూ నోరు మెదపడానికి ఉండదు. ఆ పొద్దున నోరీన్ ఆ మైకును కొక్కేనికి తగిలించలేదు. సీటు మీద పడి ఉన్నదాని మీద సరిగ్గా కేకు డబ్బా పెట్టింది. బొత్తం నొక్కుకుపోయింది.

"మన పక్కింటి హిల్డా మళ్లీ స్కోన్లు కాల్చి తెస్తుంది చూడు," అని మొదలుపెట్టింది నోరీన్. "ఆ బుల్లి రొట్టెలతో గోడకు మేకులు దిగ్గొట్టొచ్చు. ఇక వార్విక్ ఉపన్యాసం! ఆయన మాట్లాడి కూర్చునేలోగా కత్తిరించిన గొర్రెలకు మళ్లీ ఉన్ని వస్తుంది."

టెగన్ నవ్వలేదు. "మాట మార్చకమ్మా. గ్రేడర్ ఎందుకు వద్దో చెప్పు."

"దుమ్ము. ఈగలు. ఎండ."

"ఇంటి దగ్గర మటుకు మంచు కురుస్తోందా? నిజం చెప్పు."

నోరీన్ గేరు మార్చింది. ఆ తర్వాత ఒక్కసారిగా కట్ట తెగింది.

"నిజం కావాలా? పద్నాలుగు రోజుల్లో పది రోజులు మీ నాన్న రోడ్డు మీదే, గ్రేడర్ వెనక తగిలించుకునే ఆ చక్రాల గదిలో, ఆ కారవాన్‌లో. నువ్వు పుట్టిననాడు నూట నలభై కిలోమీటర్ల అవతల ఉన్నాడు. నొప్పులు పడుతూ నేనే బండి నడుపుకుంటూ ఆస్పత్రికి పోయాను. ఇద్దరికి వండి, ఒక్కదాన్నే కూర్చుని తిన్న రోజులు ఎన్నో. చివరికి కోళ్లతో కబుర్లు చెప్పుకునేదాన్ని. నవ్వకు, నిజం!"

"నవ్వట్లేదమ్మా. నాన్నకు చెప్పలేదా ఎప్పుడూ?"

"ఏమని చెప్పను? ఒంటరిగా ఉండలేకపోతున్నాను, ఇంటికి రా అని దేబిరించాలా? ఆయన లేకపోతే ఊళ్లకు దారే లేదాయె. ఒంటరితనం ఎలా ఉంటుందో నాకు తెలుసే. రేపు నువ్వు అడివిలో ఒక్కదానివే కూర్చుని డబ్బా బఠానీలు తింటుంటే నాకు ముద్ద దిగుతుందా? పెర్త్‌లో అయితే నీ చుట్టూ మనుషులుంటారు."

చెంపలు తుడుచుకుంది. టెగన్ తల్లి భుజం మీద చెయ్యి వేసింది. హాలు దాకా కేకు డబ్బా మైకు మీంచి కదలనేలేదు.

హాలు ముందు ముప్పై బండ్లున్నాయి. ఒక్కరూ లోపలికి వెళ్లలేదు. అందరూ తలుపులు తీసిన తమ బండ్ల పక్కన చర్చిలో నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. నోరీన్ కేకు డబ్బా ఎత్తింది. ముప్పై బండ్లలోనూ కిర్రుమంటున్న రేడియోల చప్పుడు ఒకేసారి ఆగిపోయింది.

నోరీన్ మైకును చూసింది. జనాన్ని చూసింది. మళ్లీ మైకును చూసింది.

"ఓరి దేవుడో!" అంది.

ముందుగా హిల్డా వచ్చింది, చేతిలో పళ్లెంతో. "స్కోన్లు తెచ్చాను నోరీన్. మేకులు నువ్వు తెచ్చావా?"

జనం ఒక్కసారిగా గొల్లున నవ్వారు. నోరీన్ సిగ్గుతో చచ్చిపోయి మళ్లీ బండెక్కబోతే హిల్డా పళ్లెం పక్కన పెట్టి గట్టిగా కావలించుకుంది.

"ముప్పై ఏళ్లు నీకు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్నానే! అన్నీ ఒంటిచేత్తో చక్కబెడుతుంటే, దీనికి ఎవరూ అక్కర్లేదు కాబోలు అనుకుని నీ గుమ్మం తొక్కలేదు. ఎంత మొద్దుదాన్ని!"

అప్పుడే మలుపు దగ్గర దుమ్ము లేచింది. పసుపుపచ్చ గ్రేడర్, దాని వెనక తోకలా కారవాన్. అంత పెద్ద బండిని క్లారీ అంత జోరుగా నడపడం మేమెవ్వరం చూడలేదు. దిగి, టోపీ తీసి, తిన్నగా భార్య ముందుకొచ్చి నిలబడ్డాడు. అసలే ఆయన మాటలు తక్కువ మనిషి.

"విన్నాను," అన్నాడు.

"షైర్ అంతా విన్నదిలే," అంది నోరీన్ ఎటో చూస్తూ.

"నోరీన్, కారవాన్‌లో మంచాలు రెండున్నాయి."

"ఉంటే?"

"రెండోదాని మీద ముప్పై ఒక్క ఏళ్లూ సంచులు పెట్టుకున్నాను. బయల్దేరే ప్రతిసారీ నిన్ను కూడా రమ్మందామని నోటిదాకా వచ్చేది. ఆ దుమ్ములోకి, ఈగల్లోకి ఎందుకొస్తావులే అని మింగేసేవాణ్ని."

"అడిగి చూడొచ్చుగా, మనిషీ!"

"నువ్వూ 'నేనూ రానా' అని అడగలేదుగా."

ఒక గుప్పెడు మాటలు, ఎవరో ఒకరు అనేసి ఉంటే ఎన్ని సాయంత్రాలు కలిసొచ్చేవి! నోరీన్ మొగుడి గుండెల మీద రెండు గుద్దులు గుద్ది, అక్కడే తల ఆనించి భోరుమంది. మేమంతా మర్యాదగా ఆకాశంలోకి చూశాం. ఏడుపు నవ్వుగా ఎప్పుడు మారిందో ఆమెకే తెలియదు.

ఆ తర్వాత కళ్లు తుడుచుకుని కూతురి వైపు తిరిగింది. "వెళ్లి వార్విక్‌కి జవాబు చెప్పు."

"ఏమని?" అంది టెగన్.

"నన్నడుగుతావేమే? గ్రేడర్ నడిపేది నేనా? కానీ ఒక్క షరతు. నోరు మూసుకుని కుమిలిపోవడం మన ఇంట్లో ఇవాళ్టితో ఆఖరు. దిగులేస్తే దిగులని చెప్పాలి. అర్థమైందా?"

"ఆ పిల్ల ఏ రోడ్డు మీద ఉంటే ఆ రోడ్డు వాళ్లింట్లోనే రాత్రి భోజనం," అంది హిల్డా. "మా రోడ్డు మీద ఉన్నప్పుడు మాత్రం పళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి."

టెగన్ ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టింది. వార్విక్ ఆ రోజు మూడే మూడు వాక్యాలు మాట్లాడాడు. పళ్లేలన్నీ ఖాళీ అయ్యాయి, స్కోన్లతో సహా. మూడింటికి క్లారీ లేచాడు. విందు ఇవాళే అయినా ఉత్తరపు సరిహద్దు రోడ్డు ఇంకా మిగిలే ఉంది. పది రోజుల పని. అదే ఆఖరు.

గ్రేడర్ మెట్టు మీద కాలుపెట్టి ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "నోరీన్... వస్తావా?"

"ఆ సంచులు తీసి కింద పడెయ్," అంది ఆమె.

"అమ్మా! బట్టలైనా తెచ్చుకోలేదు!" అని అరిచింది టెగన్.

"మీ నాన్న చొక్కాలున్నాయిగా!" అంటూ తన బండెక్కి గ్రేడర్ వెనకే కదిలింది నోరీన్. పెళ్లికూతురిలా చెయ్యి ఊపింది. "హిల్డా నిన్ను ఇంటి దగ్గర దించుతుంది. కోళ్లకు మేత వెయ్యి! పది రోజుల దాకా రాం!"

దుమ్ము సద్దుమణిగేదాకా టెగన్ రోడ్డు మీదే నిలబడి నవ్వింది, ఏడ్చింది. ఆ ఇంట్లోంచి వెళ్లినవాళ్ల కోసం రోడ్డు వైపు చూసే వంతు మొదటిసారి తనకొచ్చింది.